నేరాన్ని వాన మీదికి నెట్టే కథలు

కథల పోటీ ప్రకటనల్లో ఒక షరతు తరచు కనిపిస్తుంది. రాజకీయ, కుల, మత వివాదాలకు తావిచ్చే కథలు పరిశీలనకు తీసుకోబడవు అని. రచన సొంతమేనని హామీపత్రం జతచెయ్యాలన్న నిబంధన పక్కనే, అంత మామూలుగానే, ఇదీ ఉంటుంది. చదివి చదివి అలవాటైపోయి ఎవరికీ ఇది వింతగా తోచడం లేదు. పోటీలతోనే ఆగితే పట్టించుకోనక్కర్లేకపోయేది. కొత్తగా రాస్తున్న పిల్లలకు కథా కార్యశాలల్లో పెద్దలు చెప్పేదీ ఇదే, కాస్త మెత్తగా: “మనుషుల గురించి రాయమ్మా, రాజకీయాలెందుకు? కథ కరపత్రమైపోతుంది.” సమీక్షకులు ఒక కథను మెచ్చుకునేటప్పుడు “ఎక్కడా ఏ పక్షమూ వహించకుండా” అనే మాటను కితాబులాగా వాడుతున్నారు. వీళ్లంతా చెడ్డ ఉద్దేశంతో అంటున్నారని నేననను. కానీ ఈ సలహా తప్పు. తెలుగు కథకు ఇది చేసిన నష్టం కూడా చిన్నది కాదు.

వాళ్ల వాదంలో బలమున్న చోటు నుంచే మొదలుపెడతాను. 1970, 80 దశకాల్లో ఒక మూస కథ కుప్పలుగా వచ్చింది. మీసం మెలేసే భూస్వామి, నోరులేని కూలీ, ఊరికొచ్చి అన్నీ విడమరిచి చెప్పే అన్న, చివరి పేరాలో తూర్పున ఎర్రబడే ఆకాశం. ఆ కథలు నేనూ చదివాను. చాలావాటిలో ప్రాణం లేదు, నిజమే. అయితే అదే దశకాల్లో, అదే రాజకీయంతో అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ రాశాడు. అందులోని ఊరు ఊపిరి పీలుస్తుంది. రెండింటికీ రాజకీయం ఒకటే అయినప్పుడు, ఒకటి చచ్చిపోయి ఇంకొకటి బతకడానికి కారణం రాజకీయం ఎలా అవుతుంది? మూస కథ రాసినవాడికి ఆ ఊళ్లో కూలి ఎంతో తెలియదు, దొర గడీలో లెక్కలు ఎవరు రాస్తారో తెలియదు, కూలీ భార్య తన మొగుడితో ఏమని పోట్లాడుతుందో తెలియదు. వాడికి తెలిసింది సిద్ధాంతం ఒక్కటే. దాన్ని నాలుగు పాత్రలకు పంచిపెట్టాడు. కథను చంపింది ఆ తెలియనితనం.

మూస అనేది ప్రేమకథల్లో ఇంకా ఎక్కువ. వానలో తడిసే అమ్మాయి, అపార్థం, రైల్వే స్టేషన్, ఆఖరి నిమిషంలో పరుగు. యాభై ఏళ్ల వారపత్రికల నిండా ఇవే. అయినా ప్రేమ కథలోకి వస్తే కళ పోతుందని ఇంతవరకూ ఏ విమర్శకుడూ అనలేదు. ఫలానా కథలో ప్రేమను సరిగ్గా రాయలేదు అంటారు, అంతే. అదే న్యాయం రాజకీయానికి దక్కకపోవడంలోనే నాకు ఈ వాదం మీద మొదటి అనుమానం.

రెండోది అనుమానం కాదు, ఆరోపణ. రాజకీయం లేకుండా రాయమన్న సలహాను పాటించి రాసిన కథల్లో ఏం జరుగుతుందో చూడండి. రైతు ఆత్మహత్య కథనే తీసుకుందాం. ఇది వివాదాస్పద విషయమని ఎవరూ అనరు. పోటీల్లో బహుమతులు వస్తాయి, చదివినవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఆ కథ నడిచే తీరు మనందరికీ కంఠోపాఠం: విత్తనాలు వేశాడు, వాన రాలేదు, మళ్లీ వేశాడు, అప్పు పెరిగింది, కూతురి పెళ్లి ముంచుకొచ్చింది, ఒకనాటి తెల్లవారుజామున పురుగుమందు డబ్బా. ఇందులో ఎవరి మీదా వేలు చూపించలేదు కాబట్టి రాజకీయం లేదంటారు.

ఇప్పుడు ఆ రైతు కౌలుదారు అనుకోండి. అలా అనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ సాగులో పెద్ద భాగం కౌలు మీదే నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కొత్త చట్టం ఇచ్చే కార్డు పదకొండు నెలలకే చెల్లుతుంది, పైగా అది కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని చాలామంది యజమానులు పెట్టరు. కార్డు లేదు కాబట్టి బ్యాంకు అప్పివ్వదు. బ్యాంకు ఇవ్వదు కాబట్టి ఎరువుల కొట్టు షావుకారు దగ్గర అరువు. అరువిచ్చినవాడికే పంట తోలాలి, వాడు చెప్పిన ధరకే. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి, పంటకు 4,000 రూపాయల చొప్పున డబ్బు పడింది పట్టాదారు ఖాతాలో. దున్నినవాడి ఖాతాలో కాదు. అదే ఏడాది మొదలైన రైతుబీమా 5 లక్షలూ పాసుపుస్తకం ఉన్నవాడి ఇంటికే. కౌలుదారు చచ్చిపోతే అతని భార్య తన మొగుడు రైతేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇదంతా ఆ మనిషి జీవితం. అతను పొద్దున లేచి ఆలోచించేది దీని గురించే. సంతకం కోసం ఆసామి ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన టిఫిను ముగించేదాకా ఎదురుచూడటం, ఆయన మర్యాదగానే “వచ్చే ఏడు చూద్దాంలేరా” అనడం, తిరిగొస్తూ ఇంట్లో ఏం చెప్పాలో మనసులో సరిచూసుకోవడం: ఒక్క నినాదం లేకుండా రాయదగిన దృశ్యం ఇది. కథలో ఇది ఎందుకు లేదు? రాయబోతే చట్టం పేరొస్తుంది, ప్రభుత్వం పేరొస్తుంది, ఆసామి కులం వస్తుంది, వివాదమవుతుంది. అందుకని రచయిత సంతకాన్ని తీసేసి వానను పెట్టాడు. వాన ఎవరి మీదా పరువునష్టం దావా వెయ్యదు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటివాళ్లు సీమ కరువు మీద రాసినప్పుడు ఆకాశాన్ని చూసి ఊరుకోలేదు, నేల మీద ఎవరి చేతిలో ఏముందో కూడా చూశారు. వాళ్ల తర్వాత మనం ముందుకు నడవాల్సింది పోయి మళ్లీ మబ్బుల దగ్గరికి చేరాం.

రాజకీయం లేని కథ అని మనం పేరుపెట్టిన ఈ కథ ఒక పక్షం వహించింది. సంతకం పెట్టని చెయ్యిని దాచిపెట్టింది. ఆ మనిషి చావులో భాగమున్న ప్రతి ఒక్కరినీ నిర్దోషిగా వదిలేసింది. ఇంతకంటే పక్షపాతం ఇంకేం కావాలి?

సరే, రాజకీయం రాయండి గానీ రెండు వైపులా సమానంగా చూపించండి అని మధ్యేమార్గం చెప్పేవాళ్లు కొందరున్నారు. ఇది వినడానికి ధర్మంగా ఉంటుంది. తూకం వేసినట్టు ఒక మంచి ఆసామి, ఒక చెడ్డ ఆసామి, ఒక సోమరి కూలీ, ఒక కష్టజీవి కూలీ. దీన్ని ఖండించడానికి నాకు కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ చాలు.

ఆ కథలో శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి బడి, రోడ్డు తెచ్చినవాడు, గాంధీగారి మాటలు నమ్మినవాడు, తగువు తీర్చేటప్పుడు గొంతు పెంచనివాడు. అప్పిచ్చిన గోపన్న ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన ముసలి షావుకారు, అతని కష్టమూ నిజమే. అప్పల్రాముడు అప్పు తీసుకున్న మాట వాస్తవం, కాదని అతనూ అనడు. చట్టప్రకారం చూసినా ఊరి ధర్మప్రకారం చూసినా బాకీ తీరాల్సిందే. రామారావు మాస్టారు అందరికీ వాళ్ల వాళ్ల కారణాలు పూర్తిగా ఇచ్చారు, ఎవరి నోట్లోనూ బలహీనమైన వాదం పెట్టలేదు. పంచాయితీ తాపీగా, పెద్దమనిషి తరహాగా సాగుతుంది. అందరూ న్యాయంగానే ఉండగా ఒక కుటుంబం తరతరాల పాలేరుతనంలోకి జారిపోతుంది. ఆ జారుడును ఆపడానికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన చేతులతో చేసే పని చదివిన రాత్రి నిద్రపట్టదు.

ఇది సమతూకమా? కాదు. రామారావు మాస్టారు ఎవరి వైపున్నారో చదివినవాడికి అణుమాత్రం సందేహం ఉండదు. ఎదుటివాడికి అతని మాట పూర్తిగా మాట్లాడే హక్కు ఇవ్వడం న్యాయం. ఎవరి వల్ల ఎవరు నష్టపోయారో తేల్చకుండా చెరిసగం పంచడం తప్పించుకోవడం. ఈ రెండింటినీ కలిపేసి ఒకే పేరుతో పిలుస్తున్నాం. శ్రీరాములునాయుడు మీసం మెలేసే రకమైతే పాఠకుడు అతన్ని తిట్టుకుని పుస్తకం మూసేవాడు. మంచివాడు కావడం వల్లనే తప్పు మనిషి గుణంలో లేదని, ఏర్పాటులోనే ఉందని తెలిసిపోతుంది. ఆ కథ ముగింపు మీద మార్క్సిస్టు విమర్శకులే రెండుగా చీలి దశాబ్దాలపాటు వాదించుకున్నారు. కరపత్రం మీద అలాంటి చర్చ నడుస్తుందా? రాజకీయం ఎంత లోతుగా పోతే కథ అంత తెరుచుకుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం వెతకనక్కర్లేదు.

రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ కూడా ఇక్కడే గుర్తుచెయ్యాలి. మద్యనిషేధం అమల్లో ఉన్న విశాఖ. ఆయన వృత్తిరీత్యా వకీలు, కోర్టు వరండాలు ఆయనకు ఇల్లు. నిషేధం మంచిదా చెడ్డదా అని ఆయన ఎక్కడా చర్చకు దిగలేదు. ఆ చట్టం నుంచి ఎవరెవరు ఎంతెంత తింటారో, పోలీసు నుంచి ప్లీడరు దాకా వాటా ఎలా పారుతుందో, చివరికి జైలు ఎవరి వంతు వస్తుందో చూపించాడు. ‘మాయ’లో సారా అమ్మే ముత్యాలమ్మ కుర్ర ప్లీడరుకు ఈ లోకం నడిచే తీరు చెబుతుంటే, అది ప్రసంగమే అయినా ఎవరికీ ప్రసంగంలా వినిపించదు. ఆమె మాట్లాడేది తన బతుకులోంచి, తన యాసలోంచి. పాత్రకు తెలిసినదాన్ని పాత్ర ఎంతసేపైనా మాట్లాడొచ్చు. రచయితకు మాత్రమే తెలిసినదాన్ని పాత్ర నోట్లో కుక్కినప్పుడే తేడా వస్తుంది.

ఇంకో వాదం ఉంది, ఇది కొంచెం చదువుకున్నవాళ్ల వాదం. రాజకీయ సమస్యలు కాలంతోపాటు పోతాయి, వాటి మీద కట్టిన సాహిత్యమూ పోతుంది, శాశ్వతమైన మానవ స్వభావాన్ని రాయాలి అని. గురజాడ ‘కన్యాశుల్కం’ సంగతి చూడండి. దాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. నాటకం వెనక ఉన్నది కేవలం ఊహ కాదు, ఒక జాబితా. విశాఖ జిల్లాలో శుల్కం తీసుకుని చేసిన బ్రాహ్మణ వివాహాలను విజయనగరం మహారాజు ఆనందగజపతి లెక్క రాయించారు. మూడేళ్లలో 1,034 అని గురజాడ తన ముందుమాటలోనే చెప్పుకున్నాడు. అయిదేళ్ల పిల్లలు, మూడేళ్ల పిల్లలు, ఏడాది నిండిన పసికందులు కూడా ఆ లెక్కలో ఉన్నారు. అంటే తెలుగులో అందరూ శాశ్వతమని ఒప్పుకునే నాటకం, ఒక జిల్లాలో ఒక దురాచారం మీద, గణాంకాలు చేతిలో పెట్టుకుని, సంస్కరణ కోసం రాసింది. ఆ దురాచారం పోయింది. నాటకం పోలేదు. దేనివల్ల?

నా జవాబు ఆ నాటకంలోని గిరీశం. గురజాడ సంస్కరణ పక్షం వాడు. ఆ పక్షం మాటలన్నీ, వితంతు వివాహం దగ్గర నుంచి కాంగ్రెసు దాకా, తీసుకెళ్లి ఒక మాయగాడి నోట్లో పెట్టాడు. తన పక్షం భాష ఎంత తేలిగ్గా అబద్ధానికి పనికొస్తుందో అతను చూశాడు, చూసింది దాచలేదు. మనుషుల్లో నిజంగా మంచిచెడ్డలు ఎరిగిన బుద్ధిని మధురవాణికి ఇచ్చాడు, సంస్కర్తలు గడప తొక్కనివ్వని వేశ్యకు. రాజకీయమున్న రచయితకు కావలసిన క్రమశిక్షణ ఇదే. తన జెండా కింద నిలబడ్డవాణ్ణి అందరికంటే నిశితంగా చూడటం. గురజాడ తటస్థుడై ఉంటే గిరీశం పుట్టేవాడే కాదు. ఒక పక్షంలో లోపలిదాకా ఉన్నవాడికే ఆ పక్షంలోని దొంగ కనిపిస్తాడు.

రాజకీయం అంటే ఎర్రజెండా ఒక్కటే అన్నట్టు మాట్లాడటం కూడా ఈ వాదంలో ఒక మోసం. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ రాజకీయ నవల. జమీందారీ, ఆలయం, వర్ణధర్మం కలిసి నిలబెట్టిన సుబ్బన్నపేట కూలిపోవడం మీద, ఇంగ్లీషు చదువు మీద, కొత్త ఏర్పాటు మీద అది పేజీల తరబడి వాదిస్తుంది. కథానాయకుడు ధర్మారావు నోట ఎన్ని ఉపన్యాసాలో! ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో ఎంత రాజకీయముందో ఇందులోనూ అంతే ఉంది. కానీ ‘మాలపల్లి’ని సంఘసంస్కరణ నవల అని ఒక అరలోనూ, ‘వేయిపడగలు’ను మహాకావ్యమని ఇంకో అరలోనూ పెట్టే పండితులను చాలామందిని చూశాను. ‘వేయిపడగలు’ వాదంతో నాకు ఒక్క అంగుళం కూడా ఏకీభావం లేదు. అయినా ఆ దేవదాసి గిరిక, ఆ పసిరిక నన్ను వదలరు. విశ్వనాథ తాను నమ్మినదాన్ని దాచుకోకుండా, తనకు గోరుముద్దలతో సహా తెలిసిన ఊరి మీద నిలబెట్టి రాశాడు కాబట్టి. తటస్థంగా రాయమని ఆయనకెవరైనా సలహా ఇచ్చి, ఆయన విని ఉంటే, మనకు ఆ నవల మిగిలేది కాదు. తనకు నచ్చిన రాజకీయం కనిపించినప్పుడు దాన్ని సంప్రదాయమనీ, నచ్చనిది కనిపించినప్పుడు రాజకీయమనీ పిలిచే విమర్శకు నేను విలువ ఇవ్వలేను.

ఈ సలహా అందరి మీదా ఒకే బరువు వెయ్యదు. ఉన్నవ జైలులో కూర్చుని రాసిన ‘మాలపల్లి’ 1922లో వస్తే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అందులోని బతుకు ఆ ప్రభుత్వానికి వివాదాస్పదమైంది. ఆ పల్లెలో పుట్టినవాళ్లకు అది వివాదం కాదు, ఇంటి సంగతి. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో దళితుల ఊచకోతలు జరిగాక వాళ్లు తమ కథ తామే రాయడం ఉధృతమైనప్పుడు, సాహిత్య సభల్లో వినపడిన మాట “ఆక్రోశం తప్ప కళ లేదు” అని. వేముల ఎల్లయ్య ‘కక్క’ చదివి భాష అర్థం కాలేదన్నవాళ్లు, ఆ భాష మాట్లాడే మనుషులు తమ పక్క వీధిలోనే ఉన్నారన్న సంగతి మర్చిపోయారు. గోగు శ్యామల, జాజుల గౌరి తమ వాడలో బాల్యం రాస్తే చాలు, రాజకీయం రాసినట్టే. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’లో ఏముంది? అమ్మ, నాన్న, నానమ్మ, వంటలు, పండగలు, నవ్వులు. నెల్లూరు జిల్లా ముస్లిం ఇల్లు అంత చనువుగా తెలుగు కథలోకి రావడమే చాలామంది మనసుల్లో ఉన్న ఒక ముస్లిం బొమ్మను పగలగొట్టింది. వీళ్లకు రాజకీయాన్ని పక్కన పెట్టమని చెప్పడమంటే అమ్మను పక్కన పెట్టమని చెప్పడమే. పక్కన పెట్టగల సౌకర్యం ఎవరికుందో వాళ్లే దాన్ని కళా సూత్రంగా ప్రకటించారు.

భయం సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే చాలాసార్లు అసలు కారణం అదే. తమిళనాడులో పెరుమాళ్ మురుగన్ తన సొంత ప్రాంతం తిరుచెంగోడు నేపథ్యంగా నవల రాసినందుకు 2015 జనవరిలో తనలోని రచయిత చచ్చిపోయాడని ప్రకటించాల్సి వచ్చింది. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పాకే మళ్లీ రచయితగా జనం ముందుకొచ్చాడు. 2007 ఆగస్టులో తస్లీమా నస్రీన్ తన నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకు వస్తే హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లోనే ఆమె మీద దాడి జరిగింది. ఉద్యోగం, పిల్లలు, అద్దె ఇల్లు ఉన్న రచయిత ఇవి చూసి వెనక్కి తగ్గితే నేను వేలెత్తి చూపను. ఎవరి ప్రాణం వాళ్లది. నాకున్న అభ్యంతరం ఆ తర్వాత జరిగేదాని మీద. భయపడి వదిలేసినదాన్ని, కళ కోసం వదిలేశానని చెప్పడం. అదే మాట రాసే పిల్లలకు పాఠంగా చెప్పడం. సంపాదకులు కూడా కేసులకు భయపడితే ఆ మాటే చెప్పాలి. “మా దగ్గర వకీలు ఖర్చులకు డబ్బు లేదు, ఈ కథ వెయ్యలేం” అంటే రచయిత ఇంకో పత్రిక వెతుక్కుంటాడు. “నీ కథలో కళ లేదు” అంటే కథనే మార్చుకుంటాడు, తర్వాతి కథలో సంతకం తీసేసి వాన పెడతాడు.

కాబట్టి సంపాదకులను, న్యాయనిర్ణేతలను నేను అడిగేది ఆ షరతు తీసెయ్యమని. దాని బదులు రాజకీయ కథను గట్టి పరీక్షకు పెట్టండి. అప్పు కథ వస్తే వడ్డీ ఎంత, కాగితం ఎవరి దగ్గరుంది అని చూడండి. కులం కథ వస్తే అవమానించినవాడు తన మనసులో తనను ఏమనుకుంటున్నాడో రచయితకు తెలుసా అని చూడండి. పాత్ర ప్రసంగిస్తుంటే ఆ ప్రసంగం ఆ మనిషి బతుకు ఇచ్చిందా, పత్రిక సంపాదకీయం ఇచ్చిందా అని చూడండి. ఈ పరీక్షలో పోయే కథలను నిర్దాక్షిణ్యంగా తిప్పిపంపండి. నాకు ఏ అభ్యంతరమూ లేదు.

రాయాల్సినవి ఎన్ని పడి ఉన్నాయో చూస్తే బాధేస్తుంది. 2015లో అమరావతి కోసం భూసమీకరణ జరిగినప్పుడు భూములిచ్చిన రైతుల గురించి వ్యాసాలు, పాటలు, ఉద్యమాలు వచ్చాయి. ఆ భూముల్లో కలుపు తీసి, పూలు కోసి బతికిన భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. మూడు పంటలు పండే నేలలో ఏడాది పొడవునా దొరికే కూలిపని ఆగిపోయిన ఇంట్లో ఆ డబ్బు దేనికి సరిపోయింది, ఆ ఇంటి ఆడవాళ్లు పొద్దున్నే ఆటో ఎక్కి ఎంత దూరం పనికి పోతున్నారు, రాజధాని వస్తుందని ఒక ప్రభుత్వమూ రాదని ఇంకో ప్రభుత్వమూ అన్నప్పుడు వాళ్లు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు? ఏ పార్టీ కథా కాదిది, కానీ పార్టీల పేర్లు లేకుండా రాయడం కుదరదు. రాసేవాళ్లు ముందు ఆ ఊళ్లకు వెళ్లి, ఆ ఆటోలో ఎక్కి, కూలి ఎంతిస్తున్నారో, పింఛను ఏ తారీఖున పడుతోందో అడిగి తెలుసుకోవాలి.